గెట్ అంటే హైలెస్సా

ఆ రోజుల్లో మా రేవులో ఇంగ్లీషు రెండు రకాలు. ఐస్ బాక్స్, డీజిల్ లాగా అందరి నోళ్లలో నలిగి తెలుగైపోయింది ఒకటి, నోరు తెరవగానే గొంతుకు అడ్డం పడేది రెండోది. ఆ రెండోది నేర్చుకోవడానికి ఇంటర్ అయ్యాక బస్సెక్కి గూడూరు వెళ్లేదాన్ని. అక్కడి మాస్టారు (మేం పెట్టుకున్న పేరు గెట్ సారు) ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: "గెట్ అనే ఒక్క మాట పట్టుకోండి, సగం ఇంగ్లీషు మీ జేబులో ఉన్నట్టే." నిద్ర లేవడానికీ గెట్టే, బస్సెక్కడానికీ గెట్టే, జబ్బు నయమవడానికీ, పెళ్లాడడానికీ, గిట్టనివాణ్ణి పొమ్మనడానికీ గెట్టే. మా ఇంట్లో అన్ని పనులూ అమ్మ ఒక్కతే చేసినట్టు.

ఎంత బట్టీ పట్టినా తెల్లారేసరికి మరిచిపోయేదాన్ని. చివరికి దారి చూపింది నాయన. సెలవు రోజుల్లో ఒడ్డున నిలబడి మావాళ్లు అలివి వల లాగుతుంటే, లాగిన తాడును చుట్టలు చుట్టడం నా పని. "నువ్వు గట్టిగా చదువు పాపా. మేమెట్టాగూ అరవాల్సిందే గదా, నీ చదువుకే అరుస్తాం" అన్నాడు. నేను "గెట్ అప్!" అంటే తాడు పట్టుకున్నవాళ్లంతా "హైలెస్సా!" అని ఒక్క ఊపు లాగేవాళ్లు. "గెట్ ఇన్!" "హైలెస్సా!" వల ఒడ్డు చేరేసరికి పాఠం అయిపోయేది. చేపలు పడని రోజు మాత్రం "ఈ గెట్టులో బలం లేదు పాపా, రేపు ఇంకోటి తీసుకురా" అనేవాళ్లు.

ఆ ఎండాకాలం రొయ్యల ఫ్యాక్టరీ ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఉందన్నారు. ఇంగ్లీషు రావాలి. రాకపోతే మర్నాటి నుంచి అదే ఫ్యాక్టరీ వెనక షెడ్డులో, అమ్మ పక్కన నిలబడి మంచునీళ్లలో రొయ్యలు ఒలవాలి. అమ్మ వేళ్లు చూసినవాళ్లకు నా భయం చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూ రోజు రాకెట్టు ఎగరేస్తున్నారని సముద్రంలోకి పోవద్దన్నారు కాబట్టి నాయన కూడా తోడొచ్చి, తలుపు బయట బెంచీమీద కూర్చున్నాడు.

లోపల మేడమ్ గారు తల ఎత్తకుండానే, నచ్చిన విషయం మీద కాసేపు ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. నాకు నచ్చిందీ వచ్చిందీ ఒకటే. "ఐ గెట్ అప్ ఎర్లీ" అన్నాను. ఆగాను. ఎవరూ పలకలేదు. (అవతలి నుంచి హైలెస్సా రానిదే నా నోట్లోంచి రెండో ముక్క రాదని ఆ క్షణం దాకా నాకే తెలియదు!) మళ్లీ అన్నాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. మేడమ్ పెన్నుకు మూత పెట్టేశారు. నాకు కళ్లముందు షెడ్డులోని నీలం టబ్బులు కనిపించాయి. ఏమైతే అయిందని, తాడు లాగేవాళ్లలా మడమలు నేలకు తన్నిపెట్టి, ఒడ్డున అరిచినట్టే అరిచాను.

"ఐ గెట్ అప్ ఎర్లీ!"

"హైలెస్సా!" తలుపు అవతలి నుంచి నాయన గొంతు.

ఇక నేనాగలేదు. "ఐ గెట్ ఇన్ ద బస్!" "హైలెస్సా!" "ఐ గెట్ డౌన్ ఎట్ గూడూర్!" "హైలెస్సా!" నా చేతులు వాటంతటవే లేని తాడును చుట్టలు చుడుతున్నాయి. చివరికొచ్చేసరికి వాచ్‌మన్ గొంతు కూడా కలిసింది.

"ఎవరది?" అన్నారు మేడమ్. పిలిస్తే నాయన తువ్వాలు నలుపుతూ లోపలికొచ్చాడు. "తప్పయిపోయినాదమ్మా. పాప మధ్యలో ఆగిపోయినాది గదా, వల జారిపోతాదేమోనని అరిచేసినాను."

మేడమ్ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. "సోమవారం నుంచి రా. ఫోన్లో మాత్రం అరవకు" అన్నారు.

ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం. ఇంగ్లీషులో గడగడా మాట్లాడతానని కొత్తవాళ్లు నన్ను చూసి బెదురుతారట. నాకు మాట తట్టనప్పుడు బల్ల కింద మడమలు నేలకు తన్నిపెట్టుకోవడం వాళ్లకేం తెలుసు? మా ఒడ్డున అలివి వల లాగడం మానేసి చాలాకాలమైంది. పెద్ద మీటింగు ఉన్నప్పుడు మాత్రం నేను నాయనకు ఫోన్ చేస్తాను. ఆయన ఏం సంగతని అడగడు. "హైలెస్సా" అని పెట్టేస్తాడు.