సుజాత దింపిన ఫైల్

ఇరవై ఏండ్ల సంది గీ ముచ్చట నా గొంతుల ఇరికి ఉన్నది. మింగలేను, కక్కలేను. ఇయ్యాల మీకు జెప్తున్న. మీరు నన్నెరుగరు గదా, అదే ధైర్యం.

మేడ్చల్ బస్టాండ్ ఎదురుంగ ఒక కంప్యూటర్ సెంటర్ల పనిజేసేదాన్ని. అప్పట్ల ఇంటర్నెట్ అంటే ఫోన్ లైన్ మీదనే. నా కింద సుజాత అనే పిల్ల కొత్తగ చేరింది, లాల్‌గడి మలక్‌పేట్ నుంచి బస్సుల వచ్చేది. బహదూర్‌పల్లిల ఒక కాలేజీకి కొత్త సిస్టమ్ సీడీ ఇయ్యాలె. అండ్ల ఎక్కియ్యాల్సింది మస్తు పెద్ద ఫైల్, ఇంటర్నెట్ల నుంచి దింపాలె. సోమవారానికి అది అందితే నీ నౌకరి పక్కా అని మా సెంటర్ సార్ సుజాతకు మాటిచ్చిండు.

ఆమె నల్ల తెర మీద కమాండ్ కొట్టి, డబ్ల్యూగెట్ అనే ప్రోగ్రాం తోని ఆ ఫైల్ దింపుతాంది. నాలుగు దినాలు. లైన్ తెగినప్పుడల్ల అది ఆగిన కాడికెల్లి మళ్ల అందుకునేది. నేనేమో కర్ల్ మనిషిని, అది గూడ ఫైళ్లు దింపే ఇంకో ప్రోగ్రామే. దాన్ని మించింది లేదని అందరికీ జెప్పుకుంట తిరిగేదాన్ని. నిజం జెప్పాల్నా? నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల నాకంటె సాఫ్‌గ పనిజేస్తుంటే కడుపు మండింది.

శనివారం ఆమె తినపోయింది. లైన్ తెగింది. ఇంక కొంచమే మిగిలింది. ఆఖరికి పూర్తి జేసింది నేనే అనిపించుకోవాల్నని, లైన్ మళ్ల కలిపి, అదే ఫైల్ పేరు వెట్టి కర్ల్ కొట్టిన. ఆగిన కాడికెల్లి అందుకోమని కర్ల్‌కైతే విడిగ జెప్పాలె. జెప్పలే. మర్శిపోయిన్నా? కావాల్నని మర్శిపోయిన్నా? ఇప్పటికీ తెల్వది. నాలుగు దినాల ఫైల్ సున్నా అయ్యి మళ్ల మొదటికెల్లి దిగుడు షురువైంది. నేను కొట్టిన కమాండ్ చెరిపేసి నా కుర్చీలకు వోయి కూసున్న.

ఫైల్ పోయిందని తెలిసి సార్ మొత్తుకుంటుంటే, సుజాతనే ఏదో కొట్టినట్టున్నది సార్ అన్న. ఆమె నా దిక్కు జూసింది. నేను కీబోర్డు దిక్కు జూసిన. ఇగ రావద్దని సార్ ఆమెకు అప్పుడే చెప్పేసిండు.

మూడేండ్లకు శామీర్‌పేట బస్టాపుల కలిసింది. బట్టల దుకాణంల పనిజేస్తున్ననన్నది. నవ్వుకుంట నా చెయ్యి పట్టుకున్నది.

"అక్కా, ఆ దినం నేను ఏం తప్పు కొట్టిన్నో ఎంత యాది జేసుకున్నా సమజైత లేదు. మళ్ల కంప్యూటర్ ముట్టాల్నంటే భయమైతాంది."

"పోనీలే సుజాతా, అయిపోయింది గదా."

గంతే అన్న. నా నోరు పడిపోను, గంతే అన్న! బస్సొచ్చింది, ఎక్కిపోయింది.

మాఫీ అడిగే మొఖం నాకు లేదు. నువ్వు ఇది సదువుతవో లేదో గూడ తెల్వది. నీ చేతుల ఏ తప్పూ లేకుండె సుజాతా. కొట్టింది నేను.