పోలమ్మ చెప్పిన లోతు

1961 ఎండాకాలం మొదట్లో, పులికాట్ సరస్సు ఒడ్డునున్న ఒక చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో ఆసుపత్రికి బావి తవ్వించే పని నాకు అప్పగించారు. నేను ఓవర్సీరుగా చేరి అప్పటికి మూడేళ్ళు. దొరవారిసత్రం దాకా బస్సు, అక్కడి నుంచి ఎడ్లబండి.

ఆసుపత్రి అంటే రెండు గదులు, నాలుగు మంచాలు. డాక్టరు గారు వారానికొకసారి వచ్చేవారు. రోజూ ఉండేది నర్సు సుగుణమ్మ గారు, ఆయా పోలమ్మ. సూదులు ఉడకబెట్టాలన్నా, బాలింతకు స్నానం చేయించాలన్నా, రెండు మైళ్ళ అవతలి ఇసుక చెలమ నుంచి పోలమ్మ కడవతో నీళ్ళు మోసుకురావలసిందే.

ఆసుపత్రి వెనక ఎనిమిది అడుగులకే నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. పోలమ్మ దోసిటితో తాగి చూసింది.

"ఇంక చాలు ఓవర్సీరయ్యా. ఈడ మంచినీళ్ళు పైపైనే ఉంటాయి. లోతుకి పోతే ఉప్పు తగలతాది."

నా దగ్గర డ్రాయింగు ఉంది. పైఅధికారులు ఒప్పుకొని పంపిన బావి కొలతల కాగితం అది. అందులో పదిహేను అడుగులని ఉంది.

"ఈ కాసిని నీళ్ళు మే నెలకి ఎండిపోతాయి పోలమ్మా" అన్నాను.

"ఎండితే మళ్ళా ఊరతాయి. ఉప్పయితే ఏం చేస్తావు?"

"ఆమె ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఒకసారి ఆలోచించండి" అన్నారు సుగుణమ్మ గారు. నేను నవ్వేసి, తవ్వమన్నాను. పదిహేను అడుగులకు నీళ్ళు ఉబికి వచ్చాయి. సిమెంటు వరలు దింపించి, రుచైనా చూడకుండా పని పూర్తయిందని రాసి పంపాను.

రెండు నెలల తర్వాత అటు వెళ్తే, బావి మీద తాటాకుల తడిక కప్పి ఉంది. సుగుణమ్మ గారు ఆ నీళ్ళే గ్లాసుతో తెచ్చి ఇచ్చారు. నోట్లో పోసుకోగానే ఉమ్మేశాను. సముద్రతీరపు నేలలో వాననీరు ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది. ఆ పలచటి పొరను దాటించి తవ్వించింది నేనే.

"పోయిన వారం పోలమ్మ మనవరాలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి" అన్నారామె. "నాలుగేళ్ళ పిల్ల. ఇక్కడే మంచం మీద పడుకోబెట్టాం. గుక్కగుక్కగా పట్టడానికి తెచ్చిన నీళ్ళు పొద్దున్నే అయిపోయాయి. పోలమ్మ కడవ తీసుకుని చెలమకి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. దాహం, దాహం అంటూనే పోయిందండీ."

పోలమ్మ వరండాలో గుడ్డలు మడతపెడుతోంది. ఎలాగో దగ్గరికి వెళ్ళాను.

"తప్పు నాది పోలమ్మా."

ఆమె తల ఎత్తలేదు. "కాగితంలో అట్ట రాసినారంట గదయ్యా, నువ్వేం చేస్తావు? నేను పక్కన లేకపోతినే, అదే నా బాధ."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణేమో.

ఆఫీసు చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకున్నాను. పాత బావి పూడ్పించి, పోలమ్మ చూపించిన ఇసుక దిబ్బ వారన వెడల్పుగా, ఏడడుగుల బావి తవ్వించాను. ఎండల్లో నీళ్ళు అడుగంటేవి, తెల్లారేసరికి మళ్ళీ ఊరేవి. ఉప్పు మాత్రం తగల్లేదు.

ఆ తర్వాత చాలా ఊళ్ళలో బావులు తవ్వించాను. ఏ ఊరు వెళ్ళినా ముందు నీళ్ళు మోసే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది విన్నాకే టేపు తీసేవాణ్ణి. ఈ మాత్రం వినడం నేర్చుకోవడానికి ఒక పసిపిల్ల ప్రాణం పోవలసి వచ్చింది.