మిరప కళ్లంలో గిద్దా, సోలా

మా చిన్నప్పుడు... మిరప కళ్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరేటప్పుడు అమ్మ నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. "ముట్టుకోమాక, చేతులు మంట" అని మోచేత్తో పక్కకి నెట్టేది. పొద్దుగూకి, చేతులకు ఆముదం రాసి కడుక్కున్నాకే ఎత్తుకునేది. అందాకా నాకు ఏడుపే...

ఆ ఏడుపులన్నీ సువార్తమ్మ మామ్మ చూసుకునేది. కాయలు ఏరడానికి చూపు ఆనదని కూలీల పిల్లల్ని కాసే పని ఆమెకి పడింది. పాక నీడన పట్టా పరిచి, ఓ కుప్ప చింతపిక్కలు, ఇంట్లోంచి తెచ్చిన కొలపాత్రలు గిద్ద, సోల, తవ్వ మా ముందు పడేసేది. ఇక కొలుచుకోవడం, ఒలకబోసుకోవడం, కొట్టుకోవడం... నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుందని నాకు ఎవరూ నేర్పలేదు. పోసీ పోసీ తెలిసింది.

ఒక సంగతి బాగా గుర్తు. ఏది సర్దినా మామ్మ ముందు మా పక్కన గొంతుక్కూర్చునేది. మా ఎత్తు నుంచి ఓసారి చూసుకుని, అప్పుడు లేచేది. ఎందుకో మాకు తెలిసేది కాదు.

ఇప్పుడు నేను సత్తెనపల్లి దగ్గర ఓ పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. ఈ ఏడు మా గదిని ఆటల గదిగా మార్చాలని పూనుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో కొన్న రంగుల చార్టులు, ప్లాస్టిక్ బొమ్మలు మోసుకొచ్చి, గోడలకీ బీరువా మీదా నా కంటికి ఇంపుగా సర్దాను. పిల్లలు వాటి వంక చూడలేదు. గుమ్మంలో కూర్చుని చెప్పులతో ఆడుకున్నారు.

అది చాలదన్నట్టు, ఊరికే వచ్చాయి కదా అని మిరపకాయల గోతాలు ఉతికి, కూర్చోడానికి పరుపులు కుట్టించాను. మిరప ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని... నా బుద్ధి ఏ గడ్డి మేసిందో! రెండుసార్లు ఉతికినా ఘాటు పోలేదు. పిల్లలూ, నేనూ, ఆయా... అందరికీ తుమ్ములే తుమ్ములు.

మర్నాడు రిహానా వాళ్లమ్మ షాహీనా వచ్చింది. ఆటలూ తుమ్ములూ ఇంటి దగ్గర లేవా టీచరుగారూ అని, సోమవారం నుంచి పిల్లని కాన్వెంటులో వేస్తున్నామంది. రిహానాకి నాలుగేళ్లు. వచ్చి మూడు నెలలైనా గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. తల్లి బెంగ న్యాయమే. ఆ పిల్ల గొంతు వినకుండానే పంపేస్తున్నానని నాకు మాత్రం చాలా బాధేసింది.

ఆ సాయంత్రం ఖాళీ గదిలో గొంతుక్కూర్చున్నాను... మామ్మలాగా. బల్ల కాళ్లు కనపడ్డాయి, బీరువా తలుపు కనపడింది. బొమ్మ ఒక్కటీ కనపడలేదు. సిగ్గేసింది. చార్టులు కిందికి దించాను. ఆ పరుపులు తీసేసి చాపలు పరిచాను. మా అమ్మ అటక మీది గిద్ద, సోల తెచ్చి, చింతపిక్కల పళ్లెం పక్కన నేల మీద పెట్టాను.

శనివారం కూతుర్ని తీసుకెళ్లడానికి షాహీనా కళ్లం నుంచి నేరుగా వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ నిలబడటం నాకు తెలుసు...

రిహానా పిక్కలు పోస్తూ పోస్తూ తలెత్తింది. "అమ్మా, నాలుగు పోస్తే నిండిద్ది" అంది.

షాహీనా చేతులు అలా వెనకే ఉంచుకుని గుమ్మంలో గొంతుక్కూర్చుంది. "ఏదీ, మళ్లీ పొయ్యి" అంది.

సోమవారం రిహానా మా గదికే వచ్చింది. చంకలో వాళ్ల నానమ్మగారి ఇత్తడి తవ్వ. మాకు తక్కువైంది అదొక్కటే!

ఇప్పుడు కొలతలన్నీ కిలోలయ్యాయి, మామ్మా లేదు... ఆ గిద్దలు మాత్రం ఏదో ఒక అటక మీద ఉండే ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే దించి ఓ పిల్ల చేతికివ్వండి. చిన్నప్పుడు మీరు వేటితో ఆడుకున్నారో నాకూ చెప్పండి... మా చాప మీద ఇంకా చోటుంది.