పండగ రవికెలు

మా ఉదయగిరి బజారులో బట్టలు కుట్టేవాణ్ణి నేను. తొంభైల్లో ఒక ఎండాకాలం, మిషను ముందు కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాను. పక్షవాతం. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆత్మకూరు ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చేసరికి ఊళ్ళో సగంమంది వైద్యులైపోయారు. పావురం నెత్తురు పట్టించమని ఒకరు, వెల్లుల్లి పాలల్లో కాచి తాగించమని ఇంకొకరు. మా చర్చివాళ్ళు మంచం చుట్టూ చేరి ప్రార్థన చేస్తే, పక్క దుకాణం సాయిబు అనుమసముద్రంపేట దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టాడు. పావురాన్ని మాత్రం మా ఆవిడ వదిలేసింది. కొన్నాళ్ళకు లేచి నడిచాను. ఎవరడిగినా మీవల్లేనని చెప్పాను.

క్రిస్మస్ దగ్గరపడుతుంటే దుకాణం తెరిచాను. వీధిలో ఆడవాళ్ళంతా రవికె గుడ్డలు తెచ్చి నా ముందు పోశారు. నా సంతోషం ఇంతా అంతా కాదు. అయితే సూది కింద గుడ్డను అదిమి నడిపించేది ఎడమ చెయ్యి. నేను తూర్పంటే అది పడమరంటోంది. ఎలాగో కుట్టి ఇచ్చాను. జబ్బుకు ముందు నా గిరాకీలు నన్ను తిట్టని రోజు లేదు. ఈసారి అందరిదీ ఒకటే మాట: "బలే ఉండాది, నువ్వు పోయి పడుకో."

పండగనాడు చర్చిలో పాటకు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. అప్పుడు చూశాను. నేను కుట్టిన రవికెకు ఒక చెయ్యి మోచేతి దాకా, ఇంకోటి భుజం కిందనే. ఒకావిడకు కాదు, వరసంతా అంతే. చప్పట్లు కొట్టాలన్నా చేతులు పైకి లేవడం లేదు. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే తట్టింది, ఇంత అధ్వానంగా కుట్టినా ఒక్కరూ తిట్టలేదని. వీళ్ళు నన్ను టైలర్ల లెక్కలోంచి తీసేశారు.

ఇంటికొచ్చి, "మిషను అమ్మేస్తా" అన్నాను.

"మంచి మనసుతో ఏసుకున్నారు గదా, దానికేంది?" అంది మా ఆవిడ.

"మంచి మనసు రోగికి చూపిస్తారు. టైలర్నయితే తిట్టాల!"

మర్నాడు మిషను మీద దుప్పటి కప్పి, బేరానికి ఎవరొస్తారా అని దిగులుగా కూర్చున్నాను. వీధి చివర ఉండే అవ్వ విసవిసా వచ్చి రవికెను నా ఒళ్ళో విసిరికొట్టింది.

"ఏందిరా ఇది? పాటకి చెయ్యెత్తితే పర్రుమని చినిగినాది. దేవుడి ముందర నా పరువు తీసినావు గదరా!"

ఆ తిట్టు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఎన్నాళ్ళుగానో రాని మాట నోటికొచ్చేసింది.

"రవికె సరిగానే ఉండాదవ్వా. నువ్వే పండక్కి తిని చెయ్యి లావు చేసుకున్నావు."

"ఒక్క చెయ్యే తినిందంట్రా? రెండోది ఉపాసం ఉండినాదా?"

ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. నా కళ్ళల్లోవి అన్నీ నవ్వువి కావు. "ముందు విప్పి కుట్టు, ఆదివారానికి కావాల" అని అవ్వ అరుగు మీద చతికిలబడింది. దుప్పటి లాగేసి, కుట్లు విప్పడానికి బ్లేడు తీసుకున్నాను. ఎడమ చెయ్యి వణుకుతుంటే గుడ్డ రెండో కొస అవ్వే పట్టుకుంది. తలెత్తి చూస్తే గుమ్మంలో ఇంకో ఇద్దరు, చేతుల్లో రవికెలు, మొహాల్లో కోపం.