చివర తొమ్మిది చేరిస్తే

మొన్న మా కోడలు ఫోనులో ఏదో లెక్క అడిగితే, ప్రశ్న పూర్తిగా చెప్పకముందే జవాబు వచ్చేసింది. మన ఈడువాళ్ళకు అలాంటప్పుడు సంతోషంతోపాటు చిన్న బెంగ కూడా వేస్తుంది కదా! నాకైతే మా మామగారు గుర్తుకొచ్చారు.

కొల్లేటిలో ప్రభుత్వంవారు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, ఆయన ఆకివీడు దగ్గరి సొంతూరు వదిలి, అత్తగారితో కలిసి ఏలూరులో మా ఇంటికి వచ్చేశారు. వాటిలో తన చెరువూ పోయిన దిగులుతో మాట్లాడడమే మానేశారు. వరండాలో కూర్చుని వీధిలోకి చూడడం, పిలిస్తే వచ్చి రెండు ముద్దలు తిని లేచిపోవడం, అంతే. మనిషి దక్కరేమోనని అత్తగారు చాటుగా కళ్ళు ఒత్తుకునేవారు, నాకూ భయం వేసేది.

నేను రోజూ పాసింజరు బండిలో తాడేపల్లిగూడెం వెళ్ళి కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఆయనా ఆ రోజుల్లో లెక్కల గ్రూపుతో పి.యు.సి. చదివినవారే కనుక, ఎలాగైనా కదిలించాలని ఒక సాయంత్రం సుద్దముక్కతో వరండా గచ్చుమీద 73939133 అని రాసి, ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించదని, చివరి అంకె చెరిపేస్తే మిగిలినదీ అంతేనని, అలా ఒక్కొక్కటే చెరుపుకుంటూ 739, 73, ఆఖరికి 7 మిగిలేదాకా ప్రతిదీ ప్రధాన సంఖ్యేనని చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, "చెరిపితే నిలుస్తోంది, సరేనమ్మా. మరి చివర ఇంకోటి చేరిస్తే నిలుస్తుందా?" అన్నారు. ఆయన నోట అంత పొడుగు మాట విని ఎన్నాళ్ళయిందో!

సరి అంకెలూ, అయిదూ ఎలాగూ పనికిరావు. ఒకటి చేర్చినా ఏడు చేర్చినా మూడుతో పోతుందని, అంకెలు కూడి అప్పటికప్పుడే తేల్చేశారు. ఇక మూడూ తొమ్మిదీ మిగిలాయి. మర్నాటి నుంచి చూడాలి, కాఫీ తాగడమే తరువాయి, గచ్చంతా భాగహారాలే. అత్తగారు తడిగుడ్డ పట్టుకుని "ఏవండీ, ఈ మూలైనా తుడవనిస్తారా, ఇక్కడ కూడా లెక్కుందా?" అని విసుక్కుంటూనే మురిసిపోయేవారు. మూడు చేర్చిన సంఖ్య 127తో నిశ్శేషంగా పోయిన రోజున, ఆయన వీధంతా వినపడేలా నన్ను కేకేసి, ఆ పూట అడిగి మరీ పెరుగన్నం మారు వడ్డించుకున్నారు.

తొమ్మిది మాత్రం లొంగలేదు. నేను ఉండబట్టలేక నెట్ సెంటరుకు వెళ్ళి జవాబు చూసి వచ్చాను. గుమ్మంలో నా ముఖం చూడగానే ఆయనకు తెలిసిపోయింది.

"చెప్పకమ్మా. చెప్పేస్తే రేపు పొద్దున్న లేచి నేనేం చెయ్యను?"

చెప్పలేదు. తరువాత కొన్నేళ్ళు ఆయన పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ తిరిగారు, చేపల ధరల మీద అందరితో వాదనలు పెట్టుకున్నారు, పొద్దున్నపూట మాత్రం తొమ్మిది దగ్గరే కూర్చున్నారు. అది తేలకుండానే వెళ్ళిపోయారు. ఆఖరి రోజుల్లో "పోనీ చెప్పెయ్యనా, మావయ్యగారూ?" అంటే, నవ్వి, చేత్తోనే వద్దన్నారు.

ఇప్పుడు జవాబు కోసం ఎవరూ ఆగనక్కరలేదు, మంచిదే. నేను మాత్రం ఆ తొమ్మిది సంగతి మీకూ చెప్పను. చెప్పొద్దనే మనిషి లేకపోయినా, ఎందుకో ఇప్పటికీ నోరు రాదు.