తప్పుల్లేని ప్రోగ్రాం

ఆత్మకూరులో కంప్యూటర్ సెంటర్ తెరిచిన కొత్తలో, సి లాంగ్వేజి చెప్పడానికి ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు సురేంద్రబాబు. అతని చెల్లెలు కృపారాణి కూడా అక్కడే పనిచేసేది. ఆమెకు ప్రోగ్రాం రాయడం నేర్పింది అన్నే. "తెరిచిన బ్రాకెట్టు మూయకపోతే గొర్రెలన్నీ బయటికి పోతాయి" అంటూ నవ్విస్తూ చెప్పేవాడు.

తొంభై ఎనిమిదిలో మర్రిపాడు నుంచి స్కూటర్ మీద వస్తుంటే అతన్ని లారీ గుద్దింది. నెల్లూరులో తలకు ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. తల్లి శీనమ్మ చర్చి వాళ్ళను పిలిచి ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టించింది. కానీ తిరిగి క్లాసుకు వెళ్ళాక బోర్డు ముందు అతని చేయి ఆగిపోయేది. లైను చివర పెట్టాల్సిన సెమికోలన్లు మరిచిపోయేవాడు. పిల్లలు మొదట్లో సరిదిద్దారు. తర్వాత తలలు దించుకుని ఊరుకున్నారు.

కృపారాణికి అది చూడబుద్ధి కాలేదు. ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్‌కు ప్లగిన్ అనే చిన్న అదనపు ప్రోగ్రాం తగిలించింది. ఒక కీ నొక్కితే, రాసినదాన్ని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్ ఫైలంతా పరీక్షించి, తప్పున్న లైను మీదికి కర్సర్‌ను తీసుకుపోవాలి. మొదట ఆ ప్లగిన్ కంపైలరే కనబడలేదంది. అది ఏ ఫోల్డరులో ఉందో కృపారాణి రాసిపెట్టింది. ఆ తర్వాత ప్లగిన్ తప్పులు చూపింది గానీ కర్సర్ కదల్లేదు. కంపైలర్ ఇచ్చే మాటల్లో ఏది ఫైలు పేరో, ఏది లైను నంబరో ప్లగిన్‌కు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చివరికి కర్సర్ వెళ్ళి తప్పు దగ్గరే నిలబడింది.

అన్నను కూర్చోబెట్టింది. మార్కులు కూడి సగటు చెప్పే ప్రోగ్రాం రాయమంది. అతను రాశాడు, కీ నొక్కాడు, దిద్దాడు, మళ్ళీ నొక్కాడు.

"కృపా, చూడు! ఒక్క తప్పు గూడా లేదంటుండాది!"

ప్రమాదం తర్వాత ఆ ముఖంలో అంత వెలుగు ఆమె చూడలేదు. ప్రోగ్రాం నడిపాడు. సున్నా వచ్చింది. మళ్ళీ నడిపినా సున్నానే. మార్కులు అడిగే లైన్లే మళ్ళీ మళ్ళీ ఉన్నాయి. కూడే లైను ఎక్కడా లేదు.

"తప్పు లేదనింది గదా. మరి సున్నా ఏంది?"

"రాసిన తీరు వరకే చూస్తాది అన్నా. మనం ఏం చేయాలనుకున్నామో దానికి తెలీదు."

అతను కీబోర్డు పక్కకు జరిపాడు. "నాకూ తెలీడం లేదు కృపా" అన్నాడు.

మర్నాడు బస్సెక్కలేదు. అతని క్లాసు ఆమే తీసుకుంది. ఆమె ఇంటికొచ్చాక ఒక్కొక్క పిల్లవాడి పేరు చెప్పి అడిగేవాడు. తలదెబ్బ వల్ల ఫిట్స్ మొదలయ్యాక ఆ పేర్లు తగ్గిపోతూ వచ్చాయి.

ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తూ అడిగాడు: "నువ్వు యాడ పనిచేస్తుండావు?"

"ఆత్మకూరులో అన్నా. కంప్యూటర్లు నేర్పిస్తా."

"నీకెవురు నేర్పించినారు?"

కృపారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక సార్ ఉండేవాడన్నా. బాగా నేర్పించినాడు."

"అయితే మంచోడే" అన్నాడతను.