కోటబొమ్మాళి దగ్గర రెండుసార్లు చదివిన కాగితం

నష్టాల్లో మునిగిన ఒక పెద్ద ఫైనాన్స్ కంపెనీని ప్రభుత్వమే డబ్బిచ్చి గట్టెక్కించాలంటూ, ఆ కంపెనీవాళ్ళు తమ దగ్గర అప్పు తీసుకున్న ఆడవాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తున్నారని మా హాస్టల్లో వంటచేసే ఆమె చెప్పింది. కోటబొమ్మాళి దగ్గర వాళ్ళ ఊళ్ళో మాత్రం మహిళా సంఘం ఇంకా సంతకాలు పెట్టలేదట. ఎందుకు పెట్టలేదో తెలుసుకోవాలనిపించి, ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరాను.

విజయనగరంలో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే చీపురుపల్లి, శ్రీకాకుళం రోడ్డు మీదుగా రెండు గంటల పైనే పడుతుంది. టికెట్టు ముప్పై రూపాయల లోపే. కోటబొమ్మాళి స్టేషన్ బయట ఆటో నడిపే సింహాచలం ఊరి పేరు వినగానే నా నోట్‌బుక్ వైపు చూశాడు.

"ఏ కంపెనీ పాపా?"

"కంపెనీ కాదండి, కాలేజీ."

"మొన్నొచ్చినోడూ కాలేజీ అనే సెప్పినాడు. ఆధార్ జెరాక్సులు అడిగినాడు." ఎనభై రూపాయలు ముందే తీసుకున్నాడు.

రైలు ఆలస్యమవడంతో పదకొండున్నరకి చేరాం. ప్రార్థన అయిపోయాక చర్చి వరండాలో సంఘం పన్నెండుమందీ కూర్చుని ఉన్నారు. లీడరు మరియమ్మ నాకు గ్లాసుడు అంబలి ఇచ్చి, కంపెనీ కాగితం చేతిలో పెట్టింది. "సదువుకున్న పాపవి. పైకి సదువు." ఆ సంఘంలో ఏ కాగితమైనా ఇద్దరి చేత చదివిస్తారు. ఒకరు చదివేది రెండోవాళ్ళు వినకూడదు. అందుకని, రెండోసారి చదవాల్సిన సింహాచలాన్ని దూరంగా ఆటో దగ్గరే ఉండమన్నారు.

నేను గొంతు సవరించుకుని చదివాను. కంపెనీ నిలబడితేనే పేదలు నిలబడతారట. సంతకం పెట్టినవాళ్ళకి మూడు నెలలు కిస్తీ వాయిదా. మాటలు గంభీరంగా ఉన్నాయి, చదవడం నాకు బాగానే అనిపించింది. ఆ కంపెనీ అప్పుతోనే కుట్టుమిషను కొని, రెండు కిస్తీలు కట్టలేకపోయిన రాములమ్మ వెంటనే పెన్ను అందుకుంది.

"మూడు నెల్లు ఆగితే సాలు నాకు. మిసను అట్టుకుపోతే ఏటి తింటాను?"

"ఆగవే. రెండో నోరు కానీ," అంది మరియమ్మ.

నన్ను ఆటో దగ్గరికి పంపి సింహాచలాన్ని పిలిచారు. అతను అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. కాసేపటికి నన్ను పిలిచారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

"ఒక ముక్క మింగేసినావేటి?" అంది మరియమ్మ.

"లేదండి, అంతా చదివాను."

సింహాచలం 'ఇట్లు' అన్న మాట కింద వేలు పెట్టాడు. చీమల్లాంటి అక్షరాలు. వాయిదా వేసిన మూడు నెలల వడ్డీ అసలులో కలుస్తుందని, సభ్యుల్లో ఎవరు కట్టకపోయినా మిగతా అందరూ పూచీ అని ఉంది. బడిలో ఉత్తరాలు రాయడం నేర్పినప్పుడు 'ఇట్లు' తర్వాత పేరు తప్ప ఏమీ ఉండదనే నేర్పారు. చదివేటప్పుడు నేను అక్కడే ఆగిపోయాను.

"ఎవులు పంపినారు నిన్ను?" అని మరియమ్మ అడిగింది. ఐడీ కార్డు ఇస్తే వెనకవైపు కూడా తిప్పి చూసింది.

"మనకి వారం ఆలీసమైతే గుమ్మంలో కూకుంటారు. ఆళ్ళు మునిగితే గవర్నమెంటు సెయ్యందించాలట," అంది కార్డు తిరిగిస్తూ.

"ఆ సెయ్యి పెట్టేది మన జేబులోనే గదత్తా," అన్నాడు సింహాచలం.

"నీకు జేబెక్కడిదిరా, పెట్రోలు బంకోడికి ఎప్పుడో ఇచ్చీసినావు."

రాములమ్మ పెన్ను కింద పెట్టింది. "మరి రేపు సోమారం. ఆళ్ళొస్తే?"

మరియమ్మ, "అందరం నీ అరుగు మీదే కూకుంటాం. మిసను ఎలా అట్టుకెల్తారో సూద్దాం," అంది.

కలెక్టరుకి అర్జీ నా చేతే రాయించారు. నేను పెద్ద మాటలతో మొదలుపెడితే కొట్టేయించారు. మిగిలింది ఇంతే: 'మేము కొన్న ప్రతి వస్తువు మీదా పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో ఈ కంపెనీని నిలబెట్టొద్దు.' రాయడం అవగానే నన్ను మళ్ళీ బయటికి పంపి, సింహాచలం చేత చదివించుకున్నారు.

తిరుగు రైల్లో పొందూరు దాటేదాకా మనసు చివుక్కుమంటూనే ఉంది. నేను కావాలని దాచలేదని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలియాల్సిన అవసరం కూడా లేదు. నన్ను నమ్మి ఉంటే రాములమ్మ సంతకం పెట్టేసేది, మిగతా పదకొండుమందీ ఆ అప్పుకి పూచీ పడేవాళ్ళు. నా ఉచ్చారణని మెచ్చుకుంటూ.

ఎవరైనా వెళ్తే ఒక్క సలహా: సోమవారం వెళ్ళండి, పదిలోపు చేరండి. కంపెనీవాళ్ళు వసూలుకి వచ్చేది ఆ వేళకే. రాములమ్మ అరుగు మీద ఇంకొకరికి చోటుంటుంది. నోట్‌బుక్ మాత్రం అడిగాకే తీయండి.